మూర్ఛకు మూలస్థానము: మెదడు అలలు చూపెడి జాడ



మూర్ఛరోగము నెఱుగని గ్రామము లేదు. జనగామ మొదలు మహబూబాబాదు వఱకును, అచ్చటినుండి భూపాలపల్లి అడవి ప్రాంతముల వఱకును దీనిని కొందఱు మూర్ఛ యందురు. కొందఱు ఫిట్సు అందురు. వృద్ధులు కాకిసొమ్మ యని చెప్పుదురు. ఆయుర్వేద గ్రంథములందు దీనికి అపస్మారమని పేరు. పేరులు వేఱైనను చూచినవారికి గలుగు భయ మొక్కటియే. ఆరోగ్యముగా నున్న బాలుడు నడుచుచు నడుచుచునే నేలగూలును, కన్నులు తేలవేయును, కాలుసేతులు కొట్టుకొనును, నోట నురుగు వచ్చును. రెండు మూడు నిమిషములలో నంతయు శాంతించును. లేచిన పిమ్మట ఏమి జరిగినదో వానికే తెలియదు.

ఈ దృశ్యమును బట్టి దయ్యము పట్టినదనియు, గాలి సోకినదనియు పూర్వులు తలంచిరి. నేటికిని కొన్ని యిండ్లలో వైద్యునికంటె ముందుగా భూతవైద్యుని పిలుచుట కలదు. ఈ పాఠమునందు మనము నేర్చుకొనవలసిన సంగతి యిది: అనేక మూర్ఛలకు మెదడునందు ఒక నిశ్చితమైన జన్మస్థానము ఉండును, మెదడు పుట్టించు విద్యుత్తరంగములను కాగితముపై వ్రాయించి ఆ స్థానమును వెదకవచ్చును, అది సరిగా దొరికినచో, మందులకు లొంగని రోగులలో కొందఱికి రోగమును మొదలంట తొలగింపవచ్చును. దయ్యమునకు చిరునామా లేదు. మూర్ఛకు కలదు.

1. మూర్ఛ యననేమి?

మనుష్యుని మెదడునందు దాదాపు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఇవి యొకదానితో నొకటి స్వల్పమైన విద్యుత్ప్రవాహముల మూలమున మాటలాడుకొనును. సంతదినమున జనగామ బజారునందు నిలిచి వినుడు. వేలకొలది జనులు ఎవరి బేరము వారు చేయుచుందురు. ఆ ధ్వని యంతయు కలిసి యొక సన్నని రొదవలె వినబడునే కాని యే మాటయు ప్రత్యేకముగా వినబడదు. ఆరోగ్యవంతమైన మెదడు అట్టిది. ఆ బజారులో నొక మూలనున్న నూఱుమంది హఠాత్తుగా ఒకే మాటను ఒకే తాళమున అఱవ నారంభించి, ప్రక్కవారిని గూడ తమతో కలుపుకొనినచో నెట్లుండును? బేరము లన్నియు నిలిచిపోవును. మెదడునందు నాడీకణముల గుంపొకటి యిట్లు ఏకకాలమున విద్యుత్తును వెడలగ్రక్కుటయే మూర్ఛ.

ఈ కేకలు మెదడులో నొకచోట పుట్టిన యెడల స్థానికమూర్ఛ యందుము. ఆరంభముననే మెదడు రెండు భాగములును వశమైన యెడల సర్వాంగమూర్ఛ యందుము. స్థానికమూర్ఛలో రోగి తప్పక నేలగూలునని తలంపరాదు. ఒక చేయి మాత్రమే అదరవచ్చును. నోరు చప్పరించుచు బట్టలను నలుపుచు శూన్యముగా చూడవచ్చును. లేని వాసన తోచవచ్చును. సర్వాంగమూర్ఛలలో నొక జాతి బాలబాలికలకు పాఠశాలలోనే తఱచుగా వచ్చును. పిల్లవాడు కొన్ని సెకనులపాటు మాట నిలిపి, ఱెప్పలార్చుచు నిశ్చలముగా చూచి, మరల తన పనిలో పడును. ఉపాధ్యాయుడు దానిని పరధ్యానమని తలంచి దండించుటయు కలదు. పాప మా బిడ్డ పాఠమును వినకపోవుట అశ్రద్ధచేత కాదు.

2. యంత్రము లేని కాలమున

తరంగములను వ్రాయు యంత్రము పుట్టక పూర్వమే మూర్ఛకు స్థానము కలదని యూహించినవాడు లండను నగర వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సను. ఆయన 1870 ప్రాంతమున తన రోగులను మిక్కిలి ఓర్పుతో పరిశీలించెను. కొందఱికి అదురుట బొటనవ్రేలియందు మొదలై, అరచేతికి, ముంజేతికి, భుజమునకు, ముఖమునకు క్రమముగా ప్రాకుచుండెను. అవయవములు మెదడు ఉపరితలమున వరుసగా తమతమ స్థానములను గలిగియున్నవనియు, రోగము ఆ వరుసననుసరించి వ్యాపించుచున్నదనియు జాక్సను తర్కించెను. మెదడు కుడిభాగము శరీరము ఎడమభాగమును నడపును గావున, ఎడమ బొటనవ్రేలియందు మొదలైన మూర్ఛకు మూలము కుడివైపున ఆ వ్రేలిని నడపుచోట నుండవలయును.

1886వ సంవత్సరమున లండనులోనే విక్టర్ హార్స్‌లీ యను శస్త్రవైద్యుడు ఇట్టి లక్షణముల నాధారముగా గొని పుఱ్ఱెను తెఱచి, పూర్వపు గాయమువలన నేర్పడిన మచ్చను తొలగించెను. అప్పటికి వారి చేతిలో నున్న సాధనము ఒక్కటియే: మూర్ఛ యెట్లు ఆరంభమైనదో చూచి చెప్పిన మాట. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. పాఠాంతమున దీనితో మనకు పని యున్నది.

3. బెర్గరు కనుగొన్న అలలు

1875వ సంవత్సరమున లివర్‌పూలు నగరవాసి రిచర్డ్ కేటన్ కుందేళ్ల మెదళ్లపైనను కోతుల మెదళ్లపైనను విద్యుత్ప్రవాహములను గుర్తించెను. మనుష్యుని విషయమున ఆ పనిని సాధించినవాడు జర్మనీదేశమున జేనా నగరములోని మానసిక వైద్యుడు హాన్స్ బెర్గరు. ఆయన కథ విచిత్రమైనది. యౌవనమున సైనికశిక్షణ పొందుచుండగా గుఱ్ఱముపైనుండి పడి, ఫిరంగిబండి చక్రముల క్రింద పడబోయి తప్పించుకొనెను. ఆ దినముననే దూరముననున్న సోదరికి తన తమ్మునికి ఆపద కలిగినదని తోచి, తండ్రిచేత తంతి ఇప్పించెను. మనస్సు మనస్సునకు వార్త పంపగలదా యను ప్రశ్న నాటినుండి బెర్గరును విడువలేదు. ఆ ప్రశ్నకు ఆయన పరిశోధన సమాధానము చెప్పలేదు గాని, దానిని వెదకుచు బోయి మఱియొక గొప్ప వస్తువును కనుగొనెను. 1924లో మనుష్యుని మెదడు తరంగములను మొదటిసారి వ్రాయించి, అయిదేండ్లు మరల మరల పరీక్షించి, 1929లో ప్రకటించెను.

కన్నులు మూసికొని మేల్కొనియున్న మనుష్యుని తల వెనుకభాగమున సెకనుకు 8 మొదలు 13 వఱకు అలలు వచ్చునని బెర్గరు చూపెను. వీనికి ఆల్ఫా అలలని పేరు పెట్టెను. కన్ను తెఱచినంతనే అవి అణగిపోవును. మొదట లోకము నమ్మలేదు. 1934లో ఇంగ్లండున కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను నిరువురు ఆ ప్రయోగమునే చేసి నిజమని తేల్చిరి. మఱుసటి సంవత్సరము, అనగా 1935లో, అమెరికాలోని బోస్టనునందు గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనువారు, పైన చెప్పిన శూన్యదృష్టి మూర్ఛ వచ్చినపుడు సెకనుకు మూడేసి చొప్పున ముల్లును అలయు జంటగా వచ్చుచుండునని కనుగొనిరి. అనగా, వేల సంవత్సరములు గాలియనియు గ్రహమనియు పేరుపొందిన రోగము కాగితముపై సిరాతో తన ఆకారమును తానే వ్రాసి చూపెను.

4. తరంగములను వ్రాయు విధము

ఈ పరీక్షకు ఇ.ఇ.జి. యని పేరు. తలపై చర్మమును శుభ్రపఱచి, చిన్న లోహపుబిళ్లలను జిగురుతో అంటింతురు. వీనిని ఎలక్ట్రోడు లందురు. వీనివలన తలకు విద్యుత్తు ఎక్కింతురను భయము కొందఱికి కలదు, అది పొరపాటు. బిళ్లలు మెదడునుండి వచ్చు విద్యుత్తును గ్రహించునే కాని లోపలికి పంపవు. నొప్పి యుండదు.

ఆ విద్యుత్తు ఎంత స్వల్పమో చూడుడు. టార్చిలైటులోని ఘటము ఒకటిన్నర వోల్టుల బలము గలది. తలపై దొరకు అల సాధారణముగా 50 మైక్రోవోల్టుల ప్రాంతమున నుండును. అనగా ఆ ఘటముయొక్క బలములో 30,000వ వంతు. కన్నుఱెప్ప అల్లార్చినను, పండ్లు కొఱికినను అంతకంటె పెద్ద అల పుట్టును. అందుచేతనే పరీక్షించువారు రోగిని కదలక పరుండుమని కోరుదురు. ఒక్కొక్కప్పుడు ముందురాత్రి నిద్ర తగ్గించి రమ్మందురు. ఏలయన, నిద్రపట్టు సమయమున దాగియున్న జాడలు బయటపడును.

బిళ్లలను ఎవరికి తోచినచోట వారు అంటించినచో ఒక ఆస్పత్రి కాగితమును మఱియొక ఆస్పత్రివారు చదువలేరు. అందుచేత ముక్కుమొదటి పల్లమునుండి తల వెనుకనున్న బొడిపె వఱకు కొలిచి, ఆ దూరమును నూటికి పదియు ఇరువదియు వంతులుగా భాగించి బిళ్లల నుంచు పద్ధతిని కెనడాదేశీయుడు హెర్బర్ట్ జాస్పరు 1958లో ప్రకటించెను. ఎడమవైపు బిళ్లలకు బేసి సంఖ్యలును, కుడివైపు వానికి సరి సంఖ్యలును పెట్టుదురు. నేటికిని హైదరాబాదులోను, లండనులోను ఈ లెక్కయే నడచుచున్నది.

5. జాడ పట్టు లెక్క

ఇక ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. అలలనుండి స్థానము నెట్లు తెలిసికొందురు? భూపాలపల్లి జిల్లాలో కాకతీయ గణపతిదేవుని కాలమునాటి గణపసముద్రమను చెఱువు కలదు. దాని కట్టపై వరుసగా అయిదుగురు నిలుచుండి, నీటిలో రాయి పడుట చూడకయే, ఎవరి యెదుట అల పెద్దదిగా నున్నదో చెప్పినచో, రాయి యెవరికి సమీపమున పడినదో ఊహింపవచ్చును గదా. వైద్యుడు చేయు పనియు నట్టిదే.

ఒక లెక్క చేసి చూతము. తలపై వరుసగా అ, ఆ, ఇ, ఈ, ఉ అను అయిదు బిళ్ల లున్నవనుకొనుడు. మూర్ఛజాడయైన ముల్లు వచ్చిన క్షణమున వానియందు వరుసగా ఋణ 20, ఋణ 40, ఋణ 100, ఋణ 50, ఋణ 10 మైక్రోవోల్టు లున్నవి. యంత్రము ఒక్కొక్క బిళ్లను విడిగా వ్రాయదు. ప్రక్కప్రక్క బిళ్లల భేదమును వ్రాయును. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయుడు.

అ నుండి ఆ తీసివేయగా ధన 20.
ఆ నుండి ఇ తీసివేయగా ధన 60.
ఇ నుండి ఈ తీసివేయగా ఋణ 50.
ఈ నుండి ఉ తీసివేయగా ఋణ 40.

మొదటి రెండు భేదములు ధనములు. తరువాతి రెండును ఋణములు. గుర్తు ఎచ్చట మాఱినది? ఇ యను బిళ్లవద్ద. ఇ.ఇ.జి. వ్రాతలో ఋణము పైకిని, ధనము క్రిందికిని వ్రాయుట ఆచారము. కావున పై రెండు గీతలలో ముల్లు క్రిందికి దిగును. క్రింది రెండు గీతలలో ముల్లు పైకి లేచును. రెండు ముండ్లును ఒకదానివైపు ఒకటి మొగముచేసి నిలుచును. ఆ రెండింటి నడుమనున్న బిళ్లక్రిందనే మూలమున్నదని వైద్యుడు మొదటి యూహ చేయును. గణితపాఠమున ఋణసంఖ్యల తీసివేత యెందులకు పనికివచ్చునని అడుగు విద్యార్థి ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలయును. ఈ తీసివేతపై నొక మనుష్యుని భవిష్యత్తు ఆధారపడియున్నది.

6. ఊహ యెందుకు చాలదు?

ఈ లెక్క చదువుటకు సులభమే గాని నిజమైన తలయందు చిక్కులు చాల గలవు.

మొదటి చిక్కు: మెదడునకును బిళ్లకును నడుమ నీరు, ఎముక, చర్మము గలవు. పుఱ్ఱె విద్యుత్తును సులభముగా పోనీయదు. అలను పలుచజేసి నలుప్రక్కలకు చెదరగొట్టును. భూపాలపల్లి బొగ్గుగనులలో లోపల మందుగుండు ప్రేల్చినపుడు పైనున్నవారికి అదురు తెలియును గాని ఏ సొరంగమున ప్రేల్చిరో తెలియదు. మెదడు ఉపరితలమున పది చదరపు సెంటీమీటర్ల ప్రాంత మేకమై అఱచినగాని తలపైన ముల్లు స్పష్టముగా కనబడుట అరుదు. లోతున పుట్టిన కేక బిళ్లలకు చేరకయే పోవచ్చును. అందుచేత మూర్ఛరోగులలో దాదాపు సగముమందికి మొదటి ఇ.ఇ.జి. నిర్దోషముగా వచ్చును. కాగితము శుద్ధముగా నున్నదని రోగము లేదనరాదు. ఒక ముల్లు కనబడినంతనే రోగమున్నదనియు అనరాదు.

రెండవ చిక్కు మఱింత లోతైనది. వస్తువును చూచి దాని నీడ యెట్లుండునో చెప్పవచ్చును. నీడను మాత్రము చూచి వస్తువేదో నిశ్చయముగా చెప్పలేము. చేతివ్రేళ్లతో గోడమీద జింకనీడను వేయు ఆట మీ రెఱుగుదురు. ఉపరితలమున నొకేవిధమగు విద్యుత్తును లోపలి అనేక విధములగు ప్రవాహములు కలిగింపగలవని జర్మనీదేశ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే నిరూపించెను.

ఈ చిక్కులను దాటుటకు వైద్యులు మూడు మార్గములను అవలంబించుచున్నారు.

మొదటిది వీడియోతో గూడిన ఇ.ఇ.జి. రోగిని కొన్ని దినములు ఆస్పత్రిలో నుంచి, రాత్రింబవళ్లు తరంగములను వ్రాయుచు, రోగి దేహమును గూడ వీడియో తీయుదురు. అవసరమైనచో వైద్యుల కన్నులయెదుట మందులను తగ్గింతురు. మూర్ఛ వచ్చినపుడు మొదట ఏ బిళ్లవద్ద అల మాఱినది, ఏ అవయవము ముందుగా కదలినది అను రెండింటిని సెకను సెకనుకు సరిపోల్చుదురు.

రెండవది గణనయంత్ర మార్గము. బిళ్లల సంఖ్యను 128కిని, 256కును పెంచి, ఎం.ఆర్.ఐ. చిత్రమునుండి ఆ రోగియొక్క తలకే ప్రత్యేకమైన నమూనాను తయారుచేసి, ఏ స్థానమునుండి విద్యుత్తు బయలుదేరినచో తలపై ఈ రీతి కనబడునో కంప్యూటరుచేత లెక్కింపజేయుదురు. 2011లో జెనీవా వైద్యబృందము శస్త్రచికిత్స పొందిన 152 మంది రోగులపై ఈ పద్ధతిని పరీక్షించి, బిళ్లలు విస్తారముగానుండి రోగియొక్క స్వంత ఎం.ఆర్.ఐ.ని వాడినపుడు ఫలితము మిక్కిలి నమ్మదగినదని చూపెను.

మూడవది, తక్కిన సాక్ష్యములు ఏకీభవింపనపుడు మాత్రమే చేయునది: పుఱ్ఱెకు సన్నని రంధ్రములు చేసి, తీగలవంటి ఎలక్ట్రోడులను మెదడులోతునకు పంపి అచ్చటనే వినుట. ఈ విద్యను పారిస్ నగరమున తాలైరాక్, బాన్కో అను వైద్యులు 1950ల చివరను, 1960లలోను పెంపొందించిరి.

స్థానము దొరికినను పని ముగియదు. మూలస్థానము ప్రక్కనే మాటలాడుశక్తికో, చేయి కదల్చుశక్తికో స్థానముండవచ్చును. కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడు, జాస్పరు సహాయమున, రోగి మేల్కొనియుండగనే శస్త్రము చేయు విధానమును నెలకొల్పెను. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు గావున తలచర్మమునకు మాత్రమే మత్తు నిచ్చెడివారు. మెదడుపై స్వల్ప విద్యుత్తును తాకించి రోగిచేత మాటలాడించుచు, మాట తడబడినచో ఆ చోటును ముట్టక విడిచెడివారు. మూలమును తీయుట యొక కార్యము. మనుష్యుని చెఱుపకుండుట అంతకు మించిన కార్యము.

7. మన దేశమున ఈ విద్య

మాంట్రియలులో పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందినవారిలో డాక్టరు జాకబ్ చాండీ గారొకరు. ఆయన స్వదేశమునకు వచ్చి, 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో నాడీశస్త్ర విభాగమును స్థాపించెను. మన దేశమునందు అట్టి విభాగములలో నదియే మొదటిది. 1900 ప్రాంతమున డాక్టరు ఐడా స్కడ్డర్ గారు ఒక్క పడకతో ప్రారంభించిన ఆ యాస్పత్రి అర్ధశతాబ్దమునకు ఇంతటి కార్యమునకు పూనుకొనెను. 1951లో చాండీ గారును, మద్రాసు వైద్యులు డాక్టరు బి. రామమూర్తి గారు, డాక్టరు ఎస్. టి. నరసింహన్ గారు, డాక్టరు బల్‌దేవ్ సింగ్ గారును కలసి భారత నాడీశాస్త్ర సంఘమును నెలకొల్పిరి. 1952లో చాండీ గారు, శైశవమునుండి ఒక ప్రక్క అవయవములు చచ్చుబడి మందులకు లొంగని మూర్ఛతో బాధపడుచున్న ఒక యువకునికి శస్త్రచికిత్స చేసిరి. మన దేశమున మూర్ఛకై జరిగిన మొదటి శస్త్రచికిత్స యిదియేయని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. ఆనాటినుండి కాట్పాడి స్టేషనులో దిగి వెల్లూరునకు పోవు తెలుగు రోగుల రాక నిలువలేదు.

1995లో తిరువనంతపురమునందలి శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు కె. రాధాకృష్ణన్ గారు ఈ చికిత్సను క్రమబద్ధమైన ప్రణాళికగా నారంభించిరి. నేడు మన రాష్ట్రమునుండి అంతదూర మేగ నక్కఱలేదు. హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్‌ ఆస్పత్రిలో నాడీవైద్య విభాగము కలదు. సికిందరాబాదు కిమ్స్‌ ఆస్పత్రిలో డాక్టరు సీతా జయలక్ష్మి గారు, శస్త్రవైద్యులు డాక్టరు మానస్ పాణిగ్రాహి గారు మూర్ఛశస్త్రచికిత్సలను గూర్చి వైద్యపత్రికలలో వ్యాసములు ప్రకటించియున్నారు. జనగామ, మహబూబాబాదు వాసులకు రైలుమార్గము కలదు. భూపాలపల్లివారు రోడ్డున హనుమకొండమీదుగా పోవలయును.

ఈ చికిత్సకు ఫలమెంత? 2001లో కెనడాదేశమున 80 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు సమభాగములుగా చేసి, ఒక భాగమునకు శస్త్రచికిత్సయు, ఒక భాగమునకు మందులును ఇచ్చి చూచిరి. ఒక సంవత్సరమునకు స్పృహ తప్పించు మూర్ఛలనుండి విముక్తులైనవారు శస్త్రచికిత్స పక్షమున నూటికి 58 మంది, మందుల పక్షమున నూటికి 8 మంది. 2017లో న్యూఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 116 మంది బాలబాలికలపై ఇట్టి పరీక్షనే ప్రకటించిరి. సంవత్సరాంతమున మూర్ఛలు లేనివారు శస్త్రచికిత్స పక్షమున నూటికి 77 మంది, మందుల పక్షమున నూటికి 7 మంది. శస్త్రచికిత్స పొందినవారిలో కొందఱికి ఒక ప్రక్క బలహీనతవంటి కష్టములు కలిగిన మాటయు నిజమే. కావున ఇది ఆలోచించి, వైద్యులతో విస్తారముగా మాటలాడి నిర్ణయించుకొనవలసినది.

మూర్ఛరోగు లందఱికిని శస్త్రము కావలయునని తలంపరాదు. ప్రపంచమున 5 కోట్లమంది మూర్ఛరోగు లున్నారు. మందులు సక్రమముగా లభించి, క్రమము తప్పక వాడినచో వారిలో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. తగిన మందులు రెండింటిని సరియైన మోతాదున వాడినను మూర్ఛలు నిలువనివారికే మూలస్థానమును వెదకు పరీక్షలు ముఖ్యముగా అవసరమగును.

8. మన కర్తవ్యము

ఇప్పుడు జాక్సను మాటను మరల తలంపుడు. ఎంత గొప్ప యంత్రమున్నను వైద్యుడు మొదట అడుగు ప్రశ్న యొకటియే: మూర్ఛ యెట్లు మొదలైనది? రోగికి జ్ఞాపకముండదు. ప్రక్కనున్న తల్లియో, తోటి విద్యార్థియో, ఉపాధ్యాయుడో చెప్పవలయును. కావున మూలస్థానమును వెదకు కార్యమునందు మొదటి సాధనము మీ కన్నులే. తల ఏ ప్రక్కకు తిరిగినది? మొదట ఏ చేయి అదరినది? పిలిచినచో పలికినాడా? ఎన్ని నిమిషము లుండెను? లేచిన పిమ్మట మాట తడబడినదా? వీనిని గుర్తుంచుకొని కాగితముపై వ్రాయుడు. వీలైనచో ఒకరు సెల్‌ఫోనులో వీడియో తీసి వైద్యునికి మాత్రమే చూపుడు. ఇతరులకు పంపుట మహాపాపము.

మూర్ఛ వచ్చినపుడు చేయవలసినవి మిక్కిలి స్వల్పములు. చుట్టునున్న రాళ్లను, బల్లలను తొలగించుడు. తలక్రింద మెత్తని వస్త్రముంచుడు. మెడయొద్ద గుండీలను వదులు చేయుడు. ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. కాలుసేతులను అదిమి పట్టకుడు. నోటిలో చెంచాగాని, నీరుగాని, వ్రేలుగాని పెట్టకుడు. అయిదు నిమిషములు దాటినను, మేల్కొనకయే మరల వచ్చినను, వెంటనే 108కి ఫోనుచేయుడు.

చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ఉల్లిగడ్డ వాసన చూపుట మన ప్రాంతమున వాడుక. వానివలన మూర్ఛ నిలుచునని పెద్దలు నమ్ముటకు కారణము కలదు. చాలమూర్ఛలు రెండు మూడు నిమిషములలో తమంతట తామే నిలుచును. తాళపుచెవులు వెదకి తెచ్చుటకును అంతకాలమే పట్టును. నిలిచిన కీర్తి ఇనుమునకు దక్కినది.

రోగము రాకుండ చేయగల కార్యమును కలదు. మన దేశమున మూర్ఛకు తఱచుగా కనబడు కారణములలో నొకటి మెదడునందు చేరు బద్దెపురుగు పిల్లల తిత్తి. మలముచేత చెడిన నీరు, కడుగని కూరలు, మురికి చేతులు దానికి మార్గములు. భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొను బాలుడు తన మెదడును గూడ కాపాడుకొనుచున్నాడు.

తలిదండ్రులకు రెండు మాటలు. మూర్ఛ తగ్గినట్లు తోచినంతనే మందులు మానిపింపకుడు. అకస్మాత్తుగా మానినచో ప్రాణాపాయమగు మూర్ఛలు రావచ్చును. రోగమును దాచి పెండ్లిచేయుటకంటె చెప్పి చేయుట మేలు. 1976 సవరణచే హిందూ వివాహ చట్టమున మూర్ఛ పెండ్లికి అడ్డంకిగా చేర్పబడెను. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించెను. చట్టము మాఱి చాల కాలమైనది. మన గ్రామముల రచ్చబండ మాటలును మాఱవలసియున్నది.

ఉపాధ్యాయులకును తోటి విద్యార్థులకును ఒక్క మాట. మూర్ఛ అంటురోగము కాదు. నురుగు తాకినను, ఒకే పళ్లెమున తినినను రాదు. మూర్ఛగల బాలునికి ఈతకును, చెట్టెక్కుటకును తోడు కావలయునే గాని, బడిలో వేఱు బల్ల అక్కఱలేదు. మూర్ఛవలన చదువు మానిన బిడ్డలు మీ యూర నున్నచో, వారి యింటికి పోయి, పరీక్షలు కలవనియు, మందులు కలవనియు చెప్పుడు. మెదడులో కొన్ని సెకనులపాటు చెలరేగు ఒక చిన్న అల ఒక బిడ్డయొక్క బ్రతుకంతయు ముంచివేయకుండునట్లు చూచుట అందఱము కలసి చేయదగిన పని.

అభ్యాసము: ఒక వరుసలోని అయిదు బిళ్లలయందు ఋణ 10, ఋణ 30, ఋణ 45, ఋణ 90, ఋణ 25 మైక్రోవోల్టులున్నవి. ప్రక్కప్రక్క బిళ్లల భేదములను లెక్కించి, గుర్తు ఏ బిళ్లవద్ద మాఱుచున్నదో చెప్పుడు. తరువాత, ఆ యొక్క లెక్కతోనే వైద్యుడు శస్త్రము పట్టకుండుటకు గల రెండు కారణములను మీ సొంతమాటలలో వ్రాయుడు.